సోషల్ యాంగ్జైటీ ఉన్న టీనేజర్ మీద నవల: నాలుగు డ్రాఫ్టుల్లో తేలిన సంగతులు

మొదటి డ్రాఫ్టు స్టేజీతో మొదలైంది. పదిహేనేళ్ల అమ్మాయి, చేతిలో మైకు, ఎదురుగా హాలు నిండా జనం, గుండె దడ, చెమట, పెగలని గొంతు. సులువుగా వచ్చిన సీను, చదవడానికీ బాగానే ఉంది. రెండో డ్రాఫ్టులో మొత్తం తీసేయాల్సి వచ్చింది. స్టేజీ ఎక్కిస్తే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ఆ సీనులో సభాపిరికితనం కనిపిస్తుంది తప్ప ఆ అమ్మాయి కనిపించదు. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్ల రోజు స్టేజీల మీద గడవదు. క్లాసులో హాజరు పిలుస్తుంటే తన పేరు రావడానికి ఇంకా పదకొండు పేర్లున్నాయని లెక్కపెట్టుకోవడంలో గడుస్తుంది. చివరికి మొదటి పేజీ అదే అయింది. పదకొండు, పది, తొమ్మిది. "ప్రెజెంట్" అనే ఒక్క మాటని గొంతులో సిద్ధం చేసుకోవడం, తీరా అన్నాక మరీ గట్టిగా అన్నానేమోనని తర్వాతి పీరియడంతా తవ్వుకోవడం.

మొత్తం నాలుగు డ్రాఫ్టులు పట్టాయి. ఎక్కడ తప్పు పోయింది, ఎందుకు పోయింది, ఏది మారిస్తే కుదిరింది అన్నవి ఈ విషయం మీద రాసేవాళ్లకి పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా తేల్చుకోవాల్సింది మూడు మాటల మధ్య తేడా. అంతర్ముఖులకి ఒంటరిగా ఉండడం ఇష్టం. బిడియస్తులు కొత్తలో ముడుచుకుని, కాస్త పాతబడ్డాక విచ్చుకుంటారు. సోషల్ యాంగ్జైటీ ఉన్న మనిషికి నలుగురిలోకి వెళ్లాలనే ఉంటుంది, వెళ్లలేరు. కొందరికి పరిచయం పెరిగేకొద్దీ "ఇక నా అసలు సంగతి తెలిసిపోతుంది" అని భయం ఇంకా పెరుగుతుంది కూడా. నవలకి ప్రాణం ఆ "వెళ్లాలని ఉండడం"లోనే ఉంది. నా మొదటి డ్రాఫ్టులో అమ్మాయి పుస్తకాలతో హాయిగా కాలక్షేపం చేసేది. కోరికే లేని పాత్రకి అడ్డంకులు పెట్టి ప్రయోజనం ఏముంది? రెండో డ్రాఫ్టులో ఆమెకి ఒక కోరిక ఇచ్చాను: స్కూలు గోడపత్రిక బృందంలో చేరాలి. పెద్దదేం కాదు. పెద్ద కోరిక ఇస్తే కథ మళ్లీ స్టేజీ వైపే లాగుతుంది.

రోగనిర్ధారణ ప్రమాణాలు ఒకసారి చదవడం తప్పనిసరి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 ప్రకారం, ఇతరులు తనని పరికించి చూసే అవకాశం ఉన్న సందర్భాల్లో తీవ్రమైన భయం ఉండాలి. తన కంగారు బయటపడి తక్కువగా చూస్తారన్న భయం అది. ఆ సందర్భాలను తప్పించుకోవడమో, లేదా లోలోపల నలిగిపోతూ భరించడమో జరగాలి. ఇది సాధారణంగా 6 నెలలు, అంతకు పైన సాగాలి. చదువో స్నేహాలో దెబ్బతినాలి, లేదా మనిషికి చెప్పుకోదగ్గ బాధ కలగాలి. పిల్లలకైతే ఇంకో షరతు ఉంది: భయం పెద్దవాళ్ల ముందే కాదు, తోటిపిల్లల మధ్య కూడా ఉండాలి. ఈ ఒక్క షరతే నా కథలో సగం మార్చింది. అప్పటిదాకా భయపెట్టేవాళ్లందరూ టీచర్లే. ఎవరూ కోప్పడని, ఎవరూ మార్కులు వేయని ఖాళీ పీరియడ్ అన్నిటికన్నా కష్టమని అప్పుడు అర్థమైంది. పాఠం జరుగుతుంటే ఏం చేయాలో తెలుసు. ఖాళీ పీరియడ్‌లో ఎక్కడ నిలబడాలో, ఎవరివైపు తిరగాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పరు.

అదే గ్రంథంలో మొదలయ్యే వయసు లెక్క కూడా ఉంది. అమెరికాలో మధ్యస్థ వయసు 13. నూటికి 75 మందికి 8 నుంచి 15 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. ఒక అవమానం తర్వాత మొదలవచ్చు, చప్పుడు లేకుండా నెమ్మదిగానూ ముదరవచ్చు. నేను మొదట ఒక "చిన్నప్పటి సంఘటన" పెట్టి, దాన్ని ఆఖరిదాకా దాచి, చివర్లో బయటపెట్టాను. అది పొరపాటు. రహస్యం తెలియగానే జబ్బు తీరిపోయినట్టు పాఠకుడికి అనిపిస్తుంది. మూడో డ్రాఫ్టులో ఆ సంఘటనను ముప్పయ్యో పేజీలో, రెండు వాక్యాల్లో, ఆమె చేతనే తేలిగ్గా చెప్పించి వదిలేశాను. అది జరగకపోయినా ఇలాగే ఉండేదాన్నేమో అని కూడా అంటుంది.

తర్వాతి పని, భయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవడం. "నాకు జనమంటే భయం" అన్నది చాలదు. ఆ వాక్యంలో రెండు భాగాలు ఉండాలి: నాలో ఏం బయటపడుతుంది, దాన్ని బట్టి వాళ్లు నన్ను ఏమనుకుంటారు. ఈ అమ్మాయి వాక్యం ఇది: "మాట్లాడుతుంటే నా గొంతు వణుకుతుంది, అది విని నాకు బుర్ర లేదనుకుంటారు." కథలో ఇలాంటి ఇంకో అబ్బాయి ఉన్నాడు. అతని వాక్యం వేరు: "నాకు చెమట పడుతుంది, నన్ను చూసి వాళ్లకి రోత పుడుతుంది." ఒకే జబ్బు ఉన్న ఇద్దరూ ఒకే గదిలో పూర్తిగా వేరే పనులు చేస్తారు. ఆమె మాట్లాడకుండా తప్పుకుంటుంది, అతను ఫ్యాను కింద చోటు వెతుక్కుంటాడు. వాక్యం తేలకపోతే పాత్ర ప్రతి సీనులో అన్నిటికీ వణుకుతూ ఉంటుంది, ఇరవై పేజీలకి చదివేవాళ్లకి విసుగొస్తుంది.

ఆపైన సందర్భాల పట్టిక. సోషల్ యాంగ్జైటీ ఎంత ఉందో కొలవడానికి మానసిక వైద్యుడు లీబోవిట్జ్ 1987లో తయారుచేసిన కొలమానంలో 24 సందర్భాలున్నాయి. వాటిలో 13 నలుగురి ముందు ఏదైనా చేయడానికి, 11 నలుగురితో కలవడానికి సంబంధించినవి. ఒక్కో సందర్భానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని విడివిడిగా అంకెలు వేస్తారు. ఆ విడివిడిగా వేయడమే నాకు దారి చూపింది. నా పాత్రకి 30 సందర్భాలు రాసుకుని, ఒక్కోదానికి రెండు అంకెలు, 0 నుంచి 100 దాకా వేశాను. హాజరు పలకడం: భయం 40, తప్పించుకోవడం 0, ఎందుకంటే తప్పించుకునే వీల్లేదు. లైబ్రరీ కౌంటర్లో ఒక పుస్తకం ఉందా అని అడగడం: భయం 35, తప్పించుకోవడం 100, ఎందుకంటే అడగకుండా వచ్చేస్తే ఎవరికీ తెలియదు. కథ నడిచేది ఈ రెండో రకంలో. చిన్న భయం, తేలిగ్గా దొరికే తప్పుదారి. జీవితం ఇరుకవుతూ రావడం కనిపించేది అక్కడే.

పట్టిక నున్నగా, చిన్నదాని నుంచి పెద్దదానికి మెట్లుమెట్లుగా ఉంటే నమ్మబుద్ధి కాదు. నా పట్టికలో అమ్మాయి వాద్య బృందంలో డ్రమ్ము వాయించగలదు, భయం 20 మించదు. ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది, మాట్లాడక్కర్లేదు. వాయించడం అయ్యాక వరండాలో ఎవరైనా "బాగా వాయించావు" అంటే మాత్రం 80. మెచ్చుకోలుకి జవాబు ఏం చెప్పాలో ఎక్కడా రాసి ఉండదు మరి.

ఇక సీను కట్టడం. ఈ భయం ఎలా నడుస్తుందో వివరిస్తూ మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ప్రతిపాదించిన నమూనా ఇందుకు బాగా పనికొచ్చింది. సందర్భం ఎదురైనప్పుడు ధ్యాస బయటి నుంచి లోపలికి తిరిగిపోతుంది. తను ఎలా కనిపిస్తోందో లోపలి దడను బట్టి ఊహించుకుంటుంది. ప్రమాదం తప్పించుకోవడానికి చిన్న చిన్న ఉపాయాలు చేస్తుంది. సందర్భానికి ముందు రిహార్సలు, అయిపోయాక పోస్ట్‌మార్టం. ఈ పాఠాన్ని నవల్లో ఎవరి నోటా పలికించకూడదు. సీనుకి లోపలి ఎముకలా వాడుకోవాలి.

నా మొదటి డ్రాఫ్టులో ఒక ఫోన్ కాల్ సీను ఉంది. ముందు ఒక పేరా, కాల్ మూడు పేజీలు, తర్వాత ఒక లైను. కొలతలు పూర్తిగా తిరగబడి ఉన్నాయి. ముప్పై సెకన్ల కాల్‌కి ఆమె మధ్యాహ్నమంతా సిద్ధపడుతుంది, వారమంతా చింతపడుతుంది. చివరి డ్రాఫ్టులో ముందు మూడు పేజీలు, కాల్ అర పేజీ, తర్వాత నాలుగు పేజీలు. ఆ నాలుగూ ఒక్కచోట లేవు. పళ్లు తోముకుంటుంటే కొంత, మర్నాడు లెక్కల క్లాసు మధ్యలో కొంత, పది రోజుల తర్వాత నిద్ర పట్టనప్పుడు కొంత. ఒక్కచోట కుప్పపోస్తే పోస్ట్‌మార్టం అనిపించదు, రచయిత వ్యాసం చెబుతున్నట్టుంటుంది. పైగా ప్రతిసారీ ఆ కాల్ కొంచెం మారాలి. మొదటిసారి గుర్తొచ్చినప్పుడు అవతలి మనిషి "సరే" అన్నాడు. రెండోసారికి "సరేలే" అన్నాడు. మూడోసారికి నిట్టూర్చి "సరేలే" అన్నాడు. చదివేవాళ్లు వెనక్కి తిప్పి చూసుకుంటే అక్కడ ఉన్నది ఉత్త "సరే" మాత్రమే.

ధ్యాస లోపలికి తిరిగిందంటే బయటి వర్ణన తగ్గాలి. మనం అలవాటుగా ఎదుటివాళ్ల కళ్లు, చొక్కా రంగు, చిరునవ్వు అన్నీ వర్ణిస్తూ పోతాం. దడతో ఉన్న మనిషికి అవేవీ కనిపించవు. నేను పెట్టుకున్న నియమం: భయం 70 దాటిన సీనులో ఎదుటివాళ్ల ముఖం ఉండకూడదు. బూట్లు, తన వేళ్లు, గొంతు జీర, బెంచీ మీద గీత, అంతే. కథ ముందుకు నడిచేకొద్దీ ముఖాలు ఒక్కొక్కటిగా వస్తాయి. గోడపత్రిక బృందంలోని స్నేహితురాలు గోళ్లు కొరుక్కునే మనిషని మనకి తెలిసేది పుస్తకం ఆఖరి భాగంలో. కానీ సాక్ష్యం ముందే ఉండాలి. నలభయ్యో పేజీలో "నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని నన్నే చూసింది, నవ్వు ఆపుకుంటోంది" అని అమ్మాయి అనుకుంటుంది. చెయ్యి నిజమే, నవ్వు ఊహ. ఇలా అపార్థం చేసుకున్న ప్రతి సైగకీ అసలు కారణం ఏమిటో మార్జిన్‌లో రాసి పెట్టుకున్నాను. కారణం లేని సైగ ఒక్కటి కూడా మిగలకూడదు. లేకపోతే మనమే లోకాన్ని క్రూరంగా రాసి, ఆమె భయం నిజమేనని రుజువు చేసినవాళ్లమవుతాం.

అన్నిటికన్నా నాకు ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ ఉపాయాలు. చికిత్స చేసేవాళ్లు వీటిని సేఫ్టీ బిహేవియర్లు అంటారు. దాచుకోవడానికి చేసే పనులు. వీటిలోని విచిత్రం ఏమిటంటే, దేన్ని దాచాలని చేస్తారో అదే బయటపడుతుంది. చెయ్యి వణుకు కనిపించకూడదని గ్లాసు గట్టిగా పట్టుకుంటే కండరాలు బిగిసి వణుకు పెరుగుతుంది. చెమట మరక కనిపించకూడదని పైన జాకెట్ వేసుకుంటే చెమట ఎక్కువవుతుంది. గొంతు వణకకూడదని చిన్నగా మాట్లాడితే అవతలివాళ్లు "ఆఁ? ఏంటీ?" అంటారు, అదే మాట రెండోసారి, అందరూ ఆగి వింటుండగా చెప్పాల్సి వస్తుంది. తప్పు మాట్లాడకూడదని వాక్యాన్ని లోపల కూర్చుకునేలోగా మాటలు వేరే విషయంలోకి వెళ్లిపోతాయి, ఆమె వాక్యం సంబంధం లేకుండా ఊడిపడుతుంది. కళ్లలోకి చూడకపోతే పొగరనుకుంటారు. తన గురించి చెప్పే పని లేకుండా ఎదుటివాళ్లనే ప్రశ్నలు అడుగుతూ పోతే ఆర్నెల్లకి స్నేహితురాలు అంటుంది: "నా గురించి నీకు అన్నీ తెలుసు. నీ గురించి నాకు ఒక్క ముక్క తెలీదు."

ఆ ఆఖరి మాట నా నవలకి రెండో భాగం ముగింపు అయింది. అక్కడ విలన్ లేడు, ఏడిపించే గుంపు లేదు. ఆమె అతిజాగ్రత్తగా చేసిన పనే స్నేహాన్ని పలచన చేసింది. మధ్యభాగంలోని తొమ్మిది అధ్యాయాలూ ఇలా ఒక్కో ఉపాయం మీద కట్టాను: ఉపాయం, దాని వల్ల తలకిందులైన ఫలితం, "చూశావా, నేను అనుకున్నట్టే అయింది" అన్న నమ్మకం, ఇంకాస్త గట్టి ఉపాయం. ఇది ఎక్కడా వివరించకూడదు. మూడోసారికి చదివేవాళ్లే కనిపెట్టి, ఆమె జాకెట్ తీసుకోగానే "వద్దు" అనుకోవాలి.

తెలుగులో రాసేవాళ్లకి ఒక ఉపాయం భాషే ఇస్తుంది. నువ్వు అనాలా, మీరు అనాలా? ఒక్క తరగతి పైనున్న అమ్మాయిని నువ్వు అంటే చనువు తీసుకుందంటారేమో, మీరు అంటే నవ్వుతారేమో. క్రియ చివర ప్రత్యయం మనల్ని పట్టిస్తుంది కాబట్టి, ఈ అమ్మాయి రెండూ రాని వాక్యాలు తయారుచేసుకుంటుంది. "రేపు వస్తావా, వస్తారా" బదులు "రేపు రావడం కుదురుతుందా?" "పెన్ను ఇస్తారా" బదులు "పెన్ను ఉందా?" నూట ఇరవై పేజీలపాటు ఆ సీనియర్‌తో ఆమె మాటల్లో ఎక్కడా నువ్వూ లేదు, మీరూ లేదు. ముందుగా చదివినవాళ్లలో చాలామంది గమనించనేలేదు. గమనించనక్కర్లేదు కూడా. ఆమె మొదటిసారి "నువ్వు" అన్నప్పుడు ఏదో తేడా పడినట్టు అనిపిస్తే చాలు.

కథనం ఎవరి నోట అన్న ప్రశ్న మూడు డ్రాఫ్టులదాకా తెగలేదు. ప్రథమ పురుషలో, అంటే "ఆమె" అంటూ రాస్తే వ్యంగ్యం బాగా వస్తుంది గాని ఊపిరి ఆడకపోవడం రాదు. ఉత్తమ పురుషలో రాస్తే పేజీపేజీకీ "నేను, నేను" అయిపోతుంది. భయం ఎక్కువైనప్పుడు చాలామంది తమని తాము బయటి నుంచి, ఎదుటివాళ్ల కళ్లతో చూసుకుంటారు. 1990ల చివర చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా తేలింది. దాన్నే వాడాను. కథ ఉత్తమ పురుషలో నడుస్తూ, భయం ముదిరిన క్షణంలో హెచ్చరిక లేకుండా ప్రథమ పురుషలోకి జారుతుంది. "లేచాను. పుస్తకం తెరిచాను. పేజీ దొరకలేదు. మూడో బెంచీలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. గొంతు సవరించుకుంటోంది. మళ్లీ సవరించుకుంటోంది." తెలుగులో సర్వనామం లేకుండానే నడుస్తుంది కాబట్టి మార్పంతా క్రియ చివర ఉంటుంది, కుదుపు తెలియదు. మొత్తం నవల్లో ఏడుసార్లు వాడాను. మొదట ఇరవైసార్లు వాడితే గారడీలా తయారైంది.

శరీరం గురించి కొద్దిగా. గుండె దడ, అరచేతుల చెమట అందరూ రాసేవే. వాటిని అధ్యాయానికి ఒక్కసారికి కుదించాను. వాటికి బదులు: గుటక వేస్తే ఆ చప్పుడు తన చెవులకే పెద్దగా వినబడడం, ఎవరో చూస్తున్నారనిపించగానే మామూలుగా నడవడం మర్చిపోవడం, ఫొటో తీసేవాళ్లు ఆలస్యం చేస్తుంటే నవ్వు పట్టి ఉంచిన బుగ్గ అదరడం. "ముఖం ఎర్రబడింది" అన్నది ఆలోచించి వాడాలి. ముదురు చాయ ఉన్నవాళ్లలో ఆ ఎరుపు బయటికి పెద్దగా కనిపించదు. తెలిసేది చెవుల దాకా పాకే వేడి. తనకి మంట, ఎదుటివాళ్లకి ఏమీ కనిపించకపోవడం: ఈ జబ్బు గురించి చెప్పాల్సింది చాలావరకు ఆ తేడాలో ఇమిడి ఉంది. పానిక్ అటాక్ నవల మొత్తానికి ఒక్కటి పెట్టాను. అది కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి వెళ్లిపోతుంది, అధ్యాయమంతా సాగదీస్తే అబద్ధమవుతుంది.

ఇంట్లోవాళ్లు. మొదటి డ్రాఫ్టులో తల్లి "ఏం, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా" అని దెప్పే మనిషి. రాయడానికి తేలిక, కానీ కథకి పనికిరాలేదు. దెప్పే తల్లి కన్నా సాయం చేసే తల్లి ఈ జబ్బుని ఎక్కువ నిలబెడుతుంది. ఫోన్ తనే మాట్లాడేస్తుంది, చుట్టాలు అడిగితే తనే జవాబు చెప్పేస్తుంది, "దానికి తలనొప్పి" అని తనే సాకు చెబుతుంది. ప్రేమతోనే. ప్రతి సాయమూ ఆమెకి ఒక సందర్భాన్ని తప్పిస్తుంది. చివరి డ్రాఫ్టులో తల్లికి నేను ఇచ్చిన కష్టమైన సీను, ఫోన్ మోగుతుంటే కూతురి వైపు చూసి తీయకుండా కూర్చోవడం. ఆరు రింగులు. తల్లి చెయ్యి రెండుసార్లు లేస్తుంది.

ఫోన్ మెసేజ్‌లు రాసేటప్పుడు కొట్టేసిన వాక్యాలను పేజీ మీద చూపించడం బాగుంటుంది గాని మూడు మించితే అలసట. వీడియో కాల్‌లో సొంత ముఖం మూలన కనిపిస్తూ ఉండడం ఈ జబ్బుకి కొరివితో తల గోక్కున్నట్టే. కాల్ మొత్తం ఆమె ఆ చిన్న గడినే చూస్తుంది, అవతలివాళ్లు ఏం చెప్పారో ఒక్క ముక్క ఎక్కదు.

చికిత్స దగ్గర నవలలు ఎక్కువగా బోల్తా పడతాయి. రెండో డ్రాఫ్టులో నా కౌన్సిలర్ సూక్తులు చెప్పేది. 2000లో అచ్చయిన ఒక ప్రసిద్ధ ప్రయోగం గురించి కూడా ఆమె చేత చెప్పించాను: ఇబ్బందిగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు విద్యార్థులకి వేసి ఒక గదిలోకి పంపితే, గదిలో దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు, నిజానికి గమనించింది నాలుగో వంతు. తెలుసుకోదగ్గ సంగతే. కానీ తెలిసినంత మాత్రాన భయం తగ్గదు. చివరి డ్రాఫ్టులో కౌన్సిలర్ అది చెప్పగానే అమ్మాయి "నాకు ఆ నాలుగో వంతు చాలు" అంటుంది. కౌన్సిలర్ నవ్వి ఆ దారి వదిలేస్తుంది. ఆ తర్వాత ఆమె సలహాలు చెప్పదు, అంకెలు అడుగుతుంది: ఏం జరుగుతుందనుకుంటున్నావు, ఎంత శాతం నమ్ముతున్నావు, అది జరిగిందని మనకి ఎలా తెలుస్తుంది? రాసుకోవడం, ఈసారి ఉపాయం లేకుండా ఆ పని చేయడం, వచ్చి చూసుకోవడం. ఇంతే ఆమె చేయించే ప్రయోగం. మాట్లాడుతుండగా వీడియో తీసి, ఏం కనిపిస్తుందో ముందే రాయించి, ఆపైన ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టు చూడమనే పద్ధతి ఇంకోటి. అదొక అధ్యాయం ఇచ్చింది.

కాలం లెక్క తప్పకూడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో పిల్లలకీ టీనేజర్లకీ ఒక్కొక్కరికి విడిగా చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) 8 నుంచి 12 సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు అని ఉంది. ఈ వయసువాళ్లకి మందులు మామూలుగా ఇవ్వవద్దని కూడా అందులోనే ఉంది. వారానికి ఒకటి చొప్పున కథలో మూడు నెలలు గడవాలి. పన్నెండిట్లో నాలుగు సెషన్లు మాత్రమే పేజీ మీద చూపించాను, మిగతావి "మంగళవారం" అన్న మాటతో దాటేశాను. గదిలో జరిగేది కన్నా రెండు మంగళవారాల మధ్య జరిగేదే కథ.

మెట్లు ఎక్కడం కూడా గీత గీసినట్టు ఉండదు. ఒకే పని ఐదుసార్లు చేస్తే ఆమె అంకెలు 60, 55, 65, 50, 40. మూడోసారి పెరగడం తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే ప్రకటనలా ఉంటుంది. 30 నుంచి ఒక్కసారి 85కి దూకించిన టీచర్ ఒకాయన ఉన్నాడు, "నీళ్లలో తోస్తే ఈతొస్తుంది" రకం. అక్కడ ఆమె రెండు వారాలు వెనక్కి పోతుంది. అన్నిటికన్నా నాకిష్టమైన అధ్యాయం మాత్రం ఏమీ నేర్పని విజయం. క్లాసులో పాఠం చదువుతుంది, బాగా చదువుతుంది, అందరూ మెచ్చుకుంటారు. కానీ ఊపిరి బిగబట్టి, తల ఎత్తకుండా, వేగంగా చదివింది. "ఆ మూడూ చేశాను కాబట్టి బతికిపోయాను" అనుకుంటుంది. పైకి గెలుపు, లోపల భయం ఇంకో వేరు వేసుకుంది. చదివినవాళ్లలో ఈ జబ్బు బాగా ఎరిగినవాళ్లు గుర్తు పెట్టి పంపింది ఆ పేజీనే.

ప్రేమకథ వద్దనలేదు, పెట్టాను. కానీ ప్రేమ మందు కాదు. ఆ అబ్బాయి పక్కనుంటే ఆమె ఎక్కడికైనా వెళ్లగలదు, అతను లేకపోతే వెళ్లలేదు. అంటే అతనూ ఒక జాకెట్ అయ్యాడు. ఇది ఇద్దరికీ అర్థం కావడానికి డెబ్భై పేజీలు పట్టింది. మూడో డ్రాఫ్టులో అతను ఆమెను వదిలి వెళ్లినట్టు రాశాను. నాలుగో దాంట్లో వదలడు, ఒక్కరోజు జ్వరంతో స్కూలుకి రాడు, అంతే.

హాస్యం లేకుండా ఈ నవల రాయకూడదు. రెండొందల పేజీల దడ ఎవరూ భరించలేరు. ఇలాంటి మనిషి లోపలి మాట తరచూ చాలా పదునుగా, నవ్వొచ్చేలా ఉంటుంది. బయటికొచ్చేది "ఊఁ" మాత్రమే. "లోపల ఇంత తెలివిగా మాట్లాడే పిల్ల బయట ఎందుకు మాట్లాడదు" అని ఇద్దరు పాఠకులు తప్పుపట్టారు. ఆ రెండింటి మధ్య దూరమే కథ కాబట్టి అక్కడ ఒక్క అక్షరం మార్చలేదు. రెండోసారి చదివించేటప్పుడు "ఎలా ఉంది" అని అడగడం మానేసి, "ఎక్కడ పుస్తకం పక్కన పెట్టారు" అని అడిగాను. అందరూ అటూ ఇటూగా ఒకే చోటు చెప్పారు. వరసగా మూడు అధ్యాయాలు ఒకే రకం భయంతో ఉన్న చోటది. మధ్యలోది తీసేసి డ్రమ్ము అధ్యాయం అక్కడికి జరిపాను.

నిడివి సంగతి: ఇంగ్లీషులో ఈ రకం నవలలు ఎక్కువగా 50,000 నుంచి 80,000 పదాల మధ్య ఉంటాయి. తెలుగులో విభక్తులు పదానికే అతుక్కుంటాయి కాబట్టి అదే కథ తక్కువ పదాల్లో వస్తుంది. ఆ అంకె చూసి సాగదీయనక్కర్లేదు.

ముగింపు నాలుగుసార్లూ మారింది. మొదట ఉపన్యాసం, చప్పట్లు. తర్వాత గోడపత్రికలో ఆమె పేరుతో ఒక ఉత్తరం, అందరూ చదివి కళ్లు తుడుచుకోవడం. అదీ చప్పట్లే, చప్పుడు లేనివి. మూడోదాంట్లో ఏమీ జరగలేదు, అది మరీ పొడిగా ఉంది. ఇప్పుడున్నది: బృందం సమావేశంలో ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, ఆమెకి వినబడదు. పుస్తకం మొదట్లో ఇదే జరిగినప్పుడు ఆమె విన్నట్టే నవ్వింది. ఈసారి "నాకు వినబడలేదు, మళ్లీ చెప్తావా?" అంటుంది. అతను మళ్లీ చెబుతాడు. అంత నవ్వొచ్చే మాటేం కాదు.

ఆ రాత్రి పోస్ట్‌మార్టం రెండు లైన్లే. మూడో లైను మొదలై, సగంలో మర్నాటి లెక్కల హోంవర్క్‌లోకి జారి ఆగిపోతుంది. దానికి ఫుల్‌స్టాప్ లేదు. ప్రూఫులు దిద్దినవాళ్లు రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ తీయించాను.